గేటు దాకా మూడు వందల గజాలు

ఇర్వింగ్, టెక్సాస్
సెప్టెంబరు 12

సలింబా రేవులో సరుకు విడిపించే ఏజెంటు పరంధామయ్య గారికి, గాలినీ సముద్రాన్నీ గద్దించినవాడి నామంలో ఇర్వింగ్ తెలుగు సహవాసం నుంచి దేవకుమార్ వందనాలు.

అయ్యా, ఒక్క మాట అడుగుతాను, గుండె మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పండి. హ్యూస్టన్ నుంచి మీ రేవు దాకా తొమ్మిది వేల మైళ్ళు మా కంటైనర్‌ను మోసుకొచ్చి ఓడవాడు తీసుకున్నది మూడు వేల డాలర్లు. ఓడ దిగిన చోటు నుంచి మీ గేటు దాకా మూడు వందల గజాలకు మీరు పంపిన బిల్లు రెండు వేల రెండు వందలు. ఇది ఏ దేవుడి లెక్క?

కోపం ముందు వచ్చేసింది గానీ, కృతజ్ఞత దానికంటే పెద్దది. ఆఫ్రికాలో మా సరుకు చూసుకునేవాడు కాకినాడ మనిషని తెలిసిన ఆదివారం మా సంఘం లేచి నిలబడి స్తుతించింది. యోనాకి చేపను సిద్ధం చేసినవాడే మాకు మిమ్మల్ని సిద్ధం చేశాడని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు.

నేను సెమినరీ గడప తొక్కినవాణ్ణి కాను. వారమంతా లాస్ కొలీనాస్‌లో బీమా క్లెయిములు చూస్తాను, ఆదివారం వాక్యం చెబుతాను. రెండు చోట్లా నేర్చుకున్నది ఒక్కటే, మనిషి చెప్పే మొదటి కారణం నమ్మకూడదని.

ఆ పెట్టెలో పద్దెనిమిది ప్రసవపు మంచాలున్నాయి, పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే యంత్రాలు నాలుగున్నాయి. మీ రేవు నుంచి నాలుగు వందల మైళ్ళు లోపలికి వెళ్తే వచ్చే మలాంబే అనే ఊరి ఆసుపత్రిలో నర్సు సిస్టర్ గ్రేస్ వాటి కోసం కాచుకుని ఉంది. ఆమె దగ్గర తల్లులు చాప మీద కంటున్నారు. అక్టోబరు మూడో వారంలో వానలు మొదలైతే ఆ మట్టి రోడ్డు మార్చి దాకా మూసుకుపోతుందట. ఓడ వచ్చి పదహారు రోజులైంది, పెట్టె కదల్లేదు!

దించినందుకు కూలి, దించాక ఉంచినందుకు నిల్వ, ఉంచిన పెట్టెకు అద్దె. వీటన్నిటికీ మా దగ్గర ఒకటే పేరు, లంచం. ఒక్క డాలర్ ఇవ్వను. పన్నుల పేరిట దోచిన జక్కయ్య కూడా యేసు పిలిస్తే చెట్టు దిగాడు. మీరూ దిగండి.

మీ మీద అమితమైన కృతజ్ఞతతోనూ, అంతే అనుమానంతోనూ,
దేవకుమార్

తా.క. నా ఉత్తరాలు చేతిరాతవే. మా అమ్మాయి ప్రిస్సిల్లా స్కాన్ చేసి పంపుతుంది. పౌలు ఈమెయిలు పంపలేదు.


సలింబా రేవు
సెప్టెంబరు 14

దేవకుమార్ గారికి, క్రేను నీడలో కూర్చుని పరంధామయ్య నమస్కరించి రాస్తున్నది.

తెలుగులో తిట్లు తిని పదకొండేళ్ళయిందండి. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముందు అందుకు నా కృతజ్ఞతలు.

ఇక లెక్క. మా రేవుకి రెండు క్రేన్లు. ఒకటి జూలైలో చెడిపోయింది. దాని విడిభాగం ఓడలో వచ్చింది. కానీ రెండో క్రేను ఖాళీ లేక ఆ ఓడ బయట లంగరేసి నిలబడింది. మీ ఓడ దాని వెనక నిలబడింది, ఆరు రోజులు. ఆ ఆరు రోజుల ఖర్చు ఓడవాడు ఎవరి నెత్తిన వేస్తాడో మీరే ఆలోచించండి.

పెట్టె దిగాక ఏడు రోజులు నిల్వ ఉచితం. ఎనిమిదో రోజు నుంచి టాక్సీ మీటరులా తిరుగుతుంది. రేవు యార్డుకి ఒక మీటరు, పెట్టె ఓడ కంపెనీది కాబట్టి దానికి ఇంకో మీటరు. నా ఫీజు అందులో నూట యాభై. ప్రతిదానికీ రసీదు జతపరిచాను. లంచానికి రసీదు ఇవ్వరని క్లెయిముల ఆఫీసులో పనిచేసేవారికి నేను చెప్పాలా?

అసలు చిక్కు వేరే ఉంది. సరుకు ఎక్కించాక పెట్టె తలుపుకి నంబరున్న ఇనుప సీలు వేస్తారు. అదే నంబరు కాగితాల్లో రాస్తారు. మీ పెట్టె మీద ఆ సీలు లేదని కస్టమ్స్ వాళ్ళు సెప్టెంబరు ఎనిమిదిన రాసేశారు. సీలు లేని పెట్టెను మొత్తం విప్పి చూడాల్సిందే. ఆ వరుసలో మీ ముందు ఎనభై రెండు పెట్టెలున్నాయి. యార్డులోకి మమ్మల్ని రానివ్వరు కాబట్టి నేను కళ్ళతో చూడలేదు. మీవైపు ఏమైనా జరిగిందా? దయచేసి కనుక్కోండి.

మంచాల మీద మీకున్నంత బెంగతో,
పరంధామయ్య

తా.క. మీరు నన్ను పోల్చిన జక్కయ్య ఎవరని మా వాచ్‌మన్ జోసెఫ్‌ని అడిగాను. చాలా పొట్టివాడని చెప్పాడు. నాది ఐదడుగుల మూడంగుళాలు. మీకెవరు చెప్పారు?


ఇర్వింగ్
సెప్టెంబరు 20

పరంధామయ్య గారికి, యెరికో గోడల్ని ఒక్క కేకతో కూల్చినవాడి నామంలో దేవకుమార్ వందనాలు.

మీ ఎత్తు సంగతి నాకు తెలియదు, క్షమించాలి. మీ నిజాయితీ మాత్రం రసీదుల్లో కనబడింది. మీరు దొంగ కాదు. మీ చుట్టూ ఉన్నవాళ్ళు దొంగలు!

సీలు లేదా? ఎలా ఉంటుంది? నా చేతుల్తో తలుపు మూశాను, నా నోటితో ప్రార్థన చేశాను. సంఘమంతా సాక్షి. ఇక్కడ మూసిన తలుపు అక్కడ తెరుచుకుందంటే మధ్యలో చెయ్యి పెట్టినవాడు మీ రేవులోనే ఉన్నాడు. మంచాలు ఉన్నాయో, మాయమయ్యాయో! సిస్టర్ గ్రేస్ పదహారున ఫోన్‌లో ఏడ్చింది. ముందు రాత్రి కవల పిల్లలు పుట్టారట. చలికి ఒక బిడ్డ నీలంగా మారితే ఆమె తన ఒంటికి హత్తుకుని తెల్లవార్లూ కూర్చుందట. ఆ బిడ్డ బతికింది, దేవునికి స్తోత్రం. వెచ్చగా ఉంచే యంత్రాలు నాలుగు మీ యార్డులో ఎండకి కాగుతున్నాయి.

కాబట్టి మూడు రోజులు ఉపవాసం పెట్టాం. మూడో రోజు చర్చి పార్కింగ్‌లో కట్టుబడివాళ్ళు వదిలేసిన ఖాళీ కంటైనర్ ఒకటి ఉంటే, దాన్నే మీ రేవు అనుకుని ఏడుసార్లు చుట్టూ తిరిగాం. సెక్యూరిటీ అతను వచ్చి, "ఎవ్రీథింగ్ ఓకే, ఫోక్స్?" అన్నాడు. మా ఆవిడ ప్రేమజ్యోతి, "ఓకే, ఓకే, గోడలు పడగొడుతున్నాం" అని ఇంగ్లీషులో చెప్పింది. అతను ఫోను తీశాడు. తర్వాతి సంగతి మీకు అనవసరం.

మీ రేవు మేనేజరుకి కూడా ఘాటుగా ఫిర్యాదు పంపాను. ఫరో ముందు మోషే ఎంత మర్యాదగా మాట్లాడాడో నేనూ అంతే.

మీ ఓర్పుకు ఋణపడి,
దేవకుమార్

తా.క. పరంధామయ్య అంకుల్, నేను ప్రిస్సిల్లా. స్కాన్ చేసేది నేనే. డాడీ మేనేజర్‌కి రాసిన లెటర్ ఇంగ్లీష్‌లోకి నేనే ట్రాన్స్‌లేట్ చేశా. "సర్పసంతానమా" ఉన్న చోట "డియర్ సర్" పెట్టా. ప్లీజ్, డాడీకి చెప్పొద్దు.


సలింబా రేవు
అక్టోబరు 5

దేవకుమార్ గారికి, పరంధామయ్య నమస్కారాలు. ఈసారి కుర్చీలో కూర్చుని చదవండి.

మొదటిది. మీ ప్రార్థన ఫలించింది. గోడ కూలింది. మా గోడౌనుది. లారీ రివర్సులో వచ్చి గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మళ్ళీ తిరిగేటప్పుడు ఏ గోడో దయచేసి వివరంగా చెప్పండి.

రెండోది. మీ ఫిర్యాదు మా మేనేజరు గారికి చాలా నచ్చింది. ఇంత మర్యాదగా ఎవరూ రాయలేదన్నారు. ఆయన పద్ధతి గల మనిషి. ఫిర్యాదున్న పెట్టెను, జవాబు పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టకూడదని ఫైలు మీద రాశారు. పన్నెండు రోజులు ఎవరూ ముట్టలేదు. అప్పటికి మీ పెట్టె వరుసలో నాలుగోది.

మూడోది. నిన్న జవాబు పూర్తయింది, పెట్టెను తనిఖీకి తెచ్చారు. ఏజెంటుని కాబట్టి నన్నూ పిలిచారు. తలుపుకి సీలు లేదు. దాని బదులు అరచేయంత ఇత్తడి తాళం. ఎర్ర రిబ్బను. రిబ్బనుకి ప్లాస్టిక్ కవరులో ఒక పసుపు కాగితం. కాగితం మీద తెలుగు.

కస్టమ్స్ అధికారి బండా గారు మూడు వారాలుగా అది దొంగల రహస్య లిపి అనుకుంటున్నారట. "నువ్వు చదవగలవా?" అన్నారు.

"ప్రార్థనండి."

"మొత్తం చదువు. ఒక్కో మాటా చెప్పు."

చదివాను. ఈ పెట్టె దేవునిదనీ, దీని తాళం మీద చెయ్యి వేసినవాడి చెయ్యి మోచేతి దాకా ఎండిపోవాలనీ ఉంది. కింద మీ సంఘం ఫోన్ నంబరు, ఆదివారం ఆరాధన వేళలు.

కట్టరు పట్టుకున్న కూలి మేస్త్రీ దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు. "సార్, మా అమ్మ ప్రార్థనలు చేసే మనిషి. ఇలాంటివి జరగడం నేను చూశాను. నేను కొయ్యను." మిగతా ఆరుగురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బండా గారు నావైపు తిరిగి, "నువ్వు హిందువువి కదా, నీకు వర్తించదు. కొయ్యి" అన్నారు. వర్తించదని ఒప్పుకోవడానికి నాకూ ధైర్యం చాలలేదండి. రాసే చెయ్యి.

ఆ దస్తూరీ నేను గుర్తుపట్టాను. నా డ్రాయరులో మీ ఉత్తరాలు రెండున్నాయి. బండా గారికి ఇంకా చెప్పలేదు. ముందు మీరు చెప్పండి.

భయంతో కాకపోయినా జాగ్రత్తతో,
పరంధామయ్య

తా.క. నోవహు ఓడ తలుపు దేవుడే మూశాడని జోసెఫ్ చెప్పాడు. మూసేశాక, ఇంకో మూట పడుతుందేమోనని నోవహు గారు మళ్ళీ తెరవలేదట.


ఇర్వింగ్
అక్టోబరు 7

అన్నయ్యా, దేవకుమార్ సాష్టాంగపడి రాస్తున్నది.

మూటే. మీ జోసెఫ్ దైవజనుడు.

ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. జూలైలో మంచాలన్నీ ఎక్కించాం. లారీ డ్రైవరు తలుపు వేసి ఏదో నంబరున్న ఇనుప మేకు బిగించి, లోపల టీ తాగుతున్నాడు. అప్పుడు ప్రేమజ్యోతి కార్‌లో వచ్చింది. మా ఆడవాళ్ళు పాత చీరలతో పసిబిడ్డలకి బొంతలు కుట్టారు, అరవై. "ఏమండీ, పైన అంత ఖాళీ ఉంది కదా, ఊరికే గాలిని పంపుతామా?" అంది. మన సంగతి మీకు తెలుసు. విమానంలో ఇరవై మూడు కేజీలంటే ఇరవై రెండుంటే మనకి నిద్ర పట్టదు. దానికి తోడు, మంచాల మీద చేతులుంచి ప్రతిష్ఠ ప్రార్థన చేయకుండా తలుపు మూయడం నాకూ నచ్చలేదు. ఆ మేకు అద్దె పెట్టెకి తగిలించిన చీటీ అనుకున్నాను. పక్కింటాయన కట్టరు తెచ్చి కోశాను. బొంతలు కుక్కాం, ప్రార్థించాం, నా షెడ్డు తాళం వేశాను. కాగితం రాసి కట్టింది కూడా నేనే.

దొంగ దొంగ అని నెల రోజులు ఉరిమాను. ఆ మనిషివి నువ్వే అని నాతాను దావీదుకి చెప్పినట్టు మీరు చెప్పారు. అదీ తా.క.లో చెప్పారు, నా పరువు దక్కేలా. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను. మీటరు డబ్బంతా నా సొంత ఖాతాలోంచి కడుతున్నాను. బండా గారికి ఉన్నదున్నట్టు చెప్పండి.

శాపం రద్దు చేస్తూ నోటరీ సంతకంతో కాగితం, తాళం చెవితో కలిపి కొరియర్‌లో పంపాను. ఆ పెట్టెను ముట్టిన ప్రతి చెయ్యీ బలపడాలనీ, మోచేయే కాదు భుజం కూడా నొప్పి లేకుండా ఉండాలనీ రాశాను. మేస్త్రీకి వాళ్ళమ్మ ఎదుటే చదివి వినిపించండి.

ఇంకా పది రోజులే ఉన్నాయి వానలకి. అన్నయ్యా, పరుగెత్తండి.

సిగ్గుతో, స్తోత్రంతో,
మీ తమ్ముడు దేవకుమార్

తా.క. అంకుల్, ప్రిస్సిల్లాని. నోటరీ ఆయన "వాట్ కైండ్ ఆఫ్ డాక్యుమెంట్?" అన్నాడు. నేను "కర్స్ రివర్సల్" అన్నా. "ష్యూర్, ఐడీ ప్లీజ్" అన్నాడు.


సలింబా రేవు
అక్టోబరు 26

తమ్ముడు దేవకుమార్‌కి, పరంధామయ్య ఆశీస్సులు. బరువుగా రాస్తున్నాను.

మీ కాగితం వచ్చిన రోజే మేస్త్రీ వాళ్ళమ్మ గారు రేవుకి వచ్చారు. విని, తల ఊపి, "ఇప్పుడు కొయ్యి" అన్నారు. చెవి ఉందని నేను చెప్పినా వినకుండా కోశాడు. ఏడుగురూ మీ పెట్టెను ముందు మేము ముడతాం అంటే మేము ముడతాం అని పోటీ పడ్డారు. తొంభై నిమిషాల్లో తనిఖీ అయిపోయింది. మా రేవులో ఇంత వేగం ఎవరూ చూడలేదు. బొంతలు లిస్టులో లేవని బండా గారు కనుబొమలు ఎగరేశారు. ఒకటి చేతిలోకి తీసుకుని, చెంపకి ఆనించుకుని, లిస్టులో తన పెన్నుతోనే రాశారు.

ఈ రోజుల లెక్క కూడా చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవద్దు. ఓడ వచ్చిన రోజు నుంచి గేటు దాటేదాకా నలభై తొమ్మిది రోజులు. ఓడ నిలబడింది ఆరు, క్రేను వల్ల రెండు, స్కానింగు, కాగితాలు నాలుగు. వెరసి మా రేవు తిన్నది పన్నెండు. సీలుకి పద్నాలుగు, ఫిర్యాదుకి పన్నెండు, శాపానికి పదకొండు. వెరసి మీ భక్తి తిన్నది ముప్పై ఏడు.

పదిహేనున లారీ బయల్దేరింది. ఇరవైన వాన దిగింది, చెప్పిన వారంలోనే. ఇరవై ఒకటిన మలాంబేకి పాతిక మైళ్ళ ఇవతల ఏరు పొంగి లారీ ఆగిపోయింది. డ్రైవరు రెండు రోజులు చూశాడు. తర్వాత ఆ ఊరి బడి దగ్గర మంచాలు దించేసి, నలభై మంది తాళ్ళు కట్టి లాగితే ఖాళీ పెట్టెను కూడా దించి, లారీ తోలుకుని వచ్చేశాడు. పెట్టెను వదిలి వచ్చావేమిరా అని అరిచాను. బురదలో లారీ బరువు తగ్గకపోతే తనే రాలేనన్నాడు. 

క్షమించు తమ్ముడూ. మంచాలు ఆసుపత్రికి చేరలేదు. నా చేతనైంది అంతే.

బాధతో,
పరంధామయ్య

తా.క. ఖాళీ పెట్టె నవంబరు ఆరులోగా ఓడ కంపెనీకి తిరిగి అప్పగించాలి. దాటితే రోజుకి తొంభై డాలర్ల మీటరు. వాన తగ్గాక మార్చిలో తెస్తే ఎంతవుతుందో నాకు లెక్కవేయబుద్ధి కాలేదు.


ఇర్వింగ్
నవంబరు 5

అన్నయ్యా, చిక్కుపడిన వలని విప్పకుండానే చేపలతో నింపేవాడి నామంలో మీ తమ్ముడు.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇది ఉపవాసం కాదు, సిగ్గు. చాప మీద కనే ప్రతి తల్లికీ నేను జవాబు చెప్పాలనుకున్నాను. ఇవాళ పొద్దున ప్రిస్సిల్లా ఆఫీస్‌కి వెళ్తూ వెళ్తూ వెనక్కి పరుగెత్తుకొచ్చింది. "డాడీ! గ్రేస్ ఆంటీ వీడియో కాల్!"

సిస్టర్ గ్రేస్ వెనకాల మూలుగు వినబడుతోంది. "పాస్టర్, తొందరగా మాట్లాడతాను, చేతిలో పని ఉంది" అంది. మంచాలు రాకపోతే ఆమే మంచాల దగ్గరికి వెళ్ళిందట, పడవలో ఏరు దాటి. ఆసుపత్రిలో ఇద్దరు నర్సుల్ని ఉంచి వచ్చిందట. నేను ఏడుస్తూ క్షమాపణ చెప్పబోయాను. ఆమె నవ్వింది.

"ఎందుకు? ఏరు పొంగితే ఇవతలి పధ్నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు మా ఆసుపత్రికి రాలేరు. ప్రతి ఏడూ ఈ ఐదు నెలలూ ఒడ్డున కూర్చుని కంటారు. కొందరు కనలేరు. ఇక్కడ వార్డు పెట్టాలని ఎనిమిదేళ్ళ నుంచి అడుగుతున్నాను. ఏరు దాటకముందే మంచాలు ఆపమని మీకు ఎవరు చెప్పారు?"

పన్నెండు రోజుల్లో తొమ్మిది కాన్పులు, అన్నయ్యా. తొమ్మిదిమంది తల్లులూ బతికి ఉన్నారు, తొమ్మిది బొంతలు వాడారు. మీ క్రేనుకి స్తోత్రం. మీ మేనేజరుకి, బండా గారికి, మేస్త్రీ వాళ్ళమ్మకి స్తోత్రం. నా ముప్పై ఏడు రోజుల మూర్ఖత్వాన్ని కూడా పనిలోకి తీసుకున్నవాడికి స్తోత్రం. ఇది చెప్పి మళ్ళీ సీలు కోస్తానని భయపడకండి. కట్టరు పక్కింటాయనకి ఇచ్చేశాను. ప్రేమజ్యోతి చేత కూడా ఒట్టు వేయించాను.

మీరు చేతనైంది అంతే అన్నారు. మీ చేతులు చేసిన పని ఎంతో ఆ తొమ్మిదిమంది బిడ్డల్ని అడుగుదాం, మాటలు రానివ్వండి.

ఎప్పటికీ మీకు ఋణపడి,
దేవకుమార్

తా.క. అన్నయ్యా, కూర్చుని చదువుతుంటే లేవండి. బడిలో పిల్లలకి పాఠాలున్నాయి కాబట్టి సిస్టర్ గ్రేస్ మంచాలు నాలుగు ఆ ఖాళీ పెట్టెలోనే వేసింది. కాన్పులన్నీ అందులోనే. గాలి ఆడటం లేదని మొన్న వెల్డింగు మనిషిని పిలిచి రెండు కిటికీలు కోయించింది. నిన్న తలుపుకి తెర కట్టించింది. ఆ పెట్టె ఇక తిరిగి రాదు. వచ్చినా ఓడ కంపెనీ తీసుకోదు. ఒక్క డాలర్ ఇవ్వనని మొదటి ఉత్తరంలో ఉరిమినవాణ్ణే చెబుతున్నాను, ఆ పెట్టెను కొనేయండి. పాత పెట్టెలు అమ్ముతారని మీరే ఎరుగుదురు. కిటికీల సంగతి దాచకండి, ముందే చెప్పి, అడిగిన ధర ఇచ్చి, రసీదు తీసుకోండి. డబ్బు ఈ ఉత్తరం కంటే ముందే మీ ఖాతాకి పంపాను. మీరు ఇది చదివేసరికి అక్కడ ఆరో తారీఖు, మర్నాడే మీటరు మొదలవుతుంది, మేస్త్రీని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. భోజనం తర్వాత చేయొచ్చు. వాళ్ళ ఆఫీసు ఐదింటికి మూస్తారు. ఇవాళే, అన్నయ్యా, ఈ క్షణమే బయల్దేరండి!